గెడ లేని చోట

ఎనభైల్లో ఒక మామిడికాయల సీజనులో, నూజివీడు బస్టాండులో నా పక్కన కూర్చున్న ఆవిడ ఎర్రగుడ్డను పేలికలుగా చింపుతోంది. ఎందుకని అడిగాను.

"కొల్లేట్లో నీళ్లకింద పాత గట్టు రాళ్లున్న చోట పడవలోళ్లకి తెలియాలని గెడలు పాతి, వాటికి కడతామండి. పోయినేడాది ఒక గెడని ఎవరో పొయ్యిలోకి పీక్కుపోయారు. ఆ సాయంత్రం మా ఆయన పడవ రాళ్లకి కొట్టుకుని తిరగబడింది. మనిషి దక్కలేదండి."

"గెడ లేదని ఎవరూ చూడలేదా అమ్మా?"

"చాలామంది చూశారండి. ఎవరో ఒకళ్లు చెప్తార్లే అనుకున్నారు. ఆ రోజు పొద్దున గడ్డికెళ్లినప్పుడు నేనూ చూశాను."

గుడ్డ రెండో కొస పట్టుకున్నాను. ఆవిడ చింపింది. అంతలో ఆవిడ బస్సు వచ్చింది.

కొన్నేళ్లకి చింతలపూడి రోడ్డులో కల్వర్టు గోడ కూలి ఉండటం బస్సులో అందరం చూశాం. ఎవరూ ఏమీ అనలేదు. నేను తర్వాతి స్టాపులో దిగి, రోడ్ల ఆఫీసు ఎక్కడని అడిగాను.