శాండర్‌ను ఎంచిన వేలు

సొంతంగా స్టూల్ చేద్దామని, పది రోజులు వీడియోలు చూసి, ఇవాళ ఆర్మూర్ హార్డ్‌వేర్ షాపుకు చెక్కను నున్నగా రుద్దే కరెంటు శాండర్ కొనడానికి వెళ్లాను. షాపతను రెండు మిషన్లతో ఒకే చెక్కను చెరో సగం రుద్ది చూపించాడు. నాకు రెండు సగాలూ ఒకేలా నున్నగా అనిపించాయి.

బీడీల కత్తెర కోసం వచ్చిన ఓ పెద్దమ్మ కళ్లు మూసుకుని చెక్క మీద వేలు జరిపింది. "గీ దిక్కు సుడులు సుడులు గీతలున్నయ్ బిడ్డా. గా రెండో దిక్కు రుద్దిన మిషనే తీస్కో."

వెలుతురుకు వంచి చూస్తే నిజంగానే సుడులు! నేనూ షాపతనూ నోళ్లు తెరిచాం.

"ఆకు చుట్టే వేళ్లు గదా, తెలుస్తది" అంటూ నా అరచేయి కూడా తడిమింది. "అగో, గిది మిషన్ పెట్టకముందే నున్నగున్నది. ఎన్నడన్న పనిజేసినవా బిడ్డా?"

శాండర్ అయితే దొరికింది. ఆమెకు చెప్పాల్సిన జవాబే ఇంకా దొరకలేదు. మీరైతే ఏం చెప్పేవారు?