భిక్షపతి మామ, వెనక ఎడమ చక్రం

మా భిక్షపతి మామకు మనిషి ఎదురైతే ముందు కనిపించేది మొహం కాదు, బరువు. మనం నమస్తే పెట్టేలోపే ఆయన కళ్లు తల నుంచి చెప్పుల దాకా మనల్ని తూచేస్తాయి. తర్వాత వచ్చే మాట కూడా బాగున్నావా అని కాదు.

"యాభై ఎనిమిది. జర ముందు సీట్ల కూసో, ఐదు నిమిషాలు."

ఆ సీటు ఆయన ఎర్ర పాలియో కారుది. ఒకసారి పెళ్లికెళ్లి, అక్షింతలు వేసి, పెళ్లికొడుకు చెవిలో "ఇద్దరు గలిసి నూట ముప్పై ఉంటరు, నా ఎనక సీట్లకు సరిగ్గ సరిపోతరు" అని దీవించి వచ్చాడు. ఉద్యమం రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో ఎస్సై కారాపి కాగితాలు అడిగితే, మామ కాగితాల బదులు ఎస్సై పొట్ట చూసి, "ఎనభై రెండు గద సార్? ఒక్కసారి ఎక్కి దిగుతరా?" అన్నాడు. తమాషా ఏమిటంటే, ఎస్సై ఎక్కాడు. దిగేటప్పుడు "ఎనభై నాలుగు" అని సరిచేసి మరీ పంపాడు.

ఇదంతా పిచ్చి అనుకునేవాళ్లకు చెప్తున్నాను, కాదు. పాలియో జీటీఎక్స్ అంటే చిన్న ఒంట్లో పెద్ద ఇంజన్. ఆ కారు స్టార్ట్ చేస్తే వచ్చే చప్పుడు వినే నేను మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరాను. మామకు ఆ కారులో నచ్చనిది ఒక్కటే. "ఉరుకుడు చిరుత లెక్క ఉరుకుతది. మలుపు తిప్పితే బర్రె లెక్క ఒరుగుతది" అనేవాడు. అందుకే కోయంబత్తూరు నుంచి గట్టి స్ప్రింగులు, కొత్త షాకబ్సార్బర్లు తెప్పించుకున్నాడు. ఎత్తు మన ఇష్టం వచ్చినట్టు పెంచుకోవడానికి, తగ్గించుకోవడానికి వాటికి తిప్పే రింగులుంటాయి. పార్సిల్ వచ్చి మంచం కిందికి చేరింది. బిగించడానికే తీరిక దొరకలేదు.

అప్పుడొచ్చింది సకల జనుల సమ్మె. మామ సర్కారు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఆఫీసుకు తాళం పడింది. పొద్దున ఎల్బీ నగర్‌లో ధర్నాకు వెళ్లి, మొహం నిండా గులాల్‌తో వచ్చి, ఆ మొహంతోనే కారు కింద దూరేవాడు.

"మెకానిక్‌కు ఇయ్యరాదయ్యా?" అని మా అరుణమ్మత్త తల కొట్టుకునేది.

"మెకానిక్ జేస్తే అది మెకానిక్ బండి అయితది. నేను జేస్తేనే నా బండి."

మా మామ అహంకారం చూడాలి మీరు! ముందు చక్రాలు రెండూ ఎవరి సాయం లేకుండా బిగించాడు. ఒక్క బోల్టు మీద గీత పడలేదు. గల్లీలోకి ఎవరింటికి చుట్టాలొచ్చినా ముందు వాళ్లను కారు దగ్గర వంగోబెట్టి స్ప్రింగ్ చూపించి, ఆ తర్వాతే చుట్టాలింటికి పంపేవాడు. "భిక్షపతి చెయ్యి వడ్డదంటే మల్ల ఇప్పేది లేదు" అని ఛాతీ తట్టుకునేవాడు. నేనూ పక్కన నిలబడి నా ఛాతీ తట్టుకునేదాన్ని.

వెనక చక్రాల దగ్గర మాత్రం మనుషులు కావాల్సి వచ్చింది. షాకబ్సార్బర్ కింది బోల్టుకు రబ్బరు బుష్ ఉంటుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కారు నేల మీదికి దిగాక ఆ రబ్బరు మెలిపడి కొన్నాళ్లకే చిరిగిపోతుంది. అందుకని కారు నాలుగు చక్రాల మీద నిలబడి, లోపల బరువు ఉన్నప్పుడే బిగించాలి. మామ చక్రాల కింద షాబాద్ బండలు పేర్చి కారు ఎత్తి నిలబెట్టాడు. ఆ తర్వాత గల్లీని కారులోకి ఎక్కించాడు.

ముందు సీట్లో అరుణమ్మత్త. డ్రైవర్ సీట్లో నేను. మామంత బరువు లేను కనుక నా ఒడిలో బియ్యం సంచి. వెనక కుడి వైపు ఎదురింటి అండాలమ్మ, చిక్కుడుకాయలు గిల్లుకుంటూ. వెనక ఎడమ వైపు పక్కింటి వెంకటేశ్వరరావు గారు. తెనాలి నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. గల్లీలో అందరికంటే భారీ మనిషి. "సార్ అంటే కాటా రాయి. ఆయన ఉంటేనే లెక్క నిలబడుతది" అని మామకు ఆయనంటే గురి.

రావు గారికి తెలంగాణ ఇష్టం లేదు. మామకు అది లేకుండా అన్నం సయించదు. వాదన వెనక సీటుకూ కారు కిందికీ మధ్య నడిచేది.

"చూడవయ్యా, కలిసుంటే నష్టమేంటంట?" అని రావు గారు పేపర్ వెనక నుంచి.

"సార్, ఊపిరి గట్టిగ వదలకుండ్రి, బోల్టు కదులుతది. నీళ్ల సంగతి, కొలువుల సంగతి మీరు జెప్పుండ్రి ముందుగాల!" అని మామ నేలలోంచి.

"బతుకమ్మ పెట్టే జాగల బండలు వెట్టినవ్ గదరా!" అని మధ్యలో అండాలమ్మ. "రేపు పువ్వులు యాడ పేర్చాలె, నీ డిక్కీ మీదనా?"

"పెట్టవ్వా. తంగేడు పువ్వు బరువెంత!"

ఇంతలో రావు గారు "ఒక్క నిమిషమోయ్" అని దిగి ఇంట్లోకి వెళ్లొచ్చేవారు. చేతిలో పెద్ద నీళ్ల సీసా. తాగడం, దిగడం, రావడం, మళ్లీ తాగడం.

"సార్, బోల్టు సగం ఎక్కింది. గిప్పుడు దిగితే ఎట్ల?"

"అది నా చేతుల్లో ఉందా ఏంటయ్యా!"

బిగించాక మామ చక్రానికీ పైన రేకుకూ మధ్య వేళ్లు పెట్టి చూసేవాడు. రెండు వేళ్ల సందు ఉండాలి. మొదటి రోజు ఉంది. మామ మీసం తిప్పాడు. నాలుగు రోజులాగి మళ్లీ అందరినీ ఎక్కించి చూస్తే రెండు వేళ్ల మీద గోరంత ఎక్కువ. మామ మీసం దిగింది. రింగు తిప్పి సరిచేశాడు. వారం పోయాక మళ్లీ గోరంత. మూడు చక్రాలూ రాయిలా ఉన్నాయి. వెనక ఎడమ మూల ఒక్కటే రోజురోజుకీ పైకి లేస్తోంది.

మామ స్ప్రింగ్‌ను అనుమానించాడు. షాబాద్ బండను అనుమానించాడు. మా గల్లీ మొత్తం మూసారాంబాగ్ వైపు, మూసీలోకి జారిపోతోందని ఒక సిద్ధాంతం చేశాడు. విప్పాడు, బిగించాడు, విప్పాడు, బిగించాడు. చేయి పడితే మళ్లీ విప్పడం లేదన్న మనిషి!

"ఏమోయ్, మీ రాష్ట్రం ముందొస్తుందా, నీ వెనక చక్రం ముందు బిగుస్తుందా?" అని రావు గారు నవ్వితే గల్లీ అంతా నవ్వింది. అప్పటి నుంచి పాలవాడు కూడా పాలు పోస్తూ చక్రం సంగతి అడగడం మొదలుపెట్టాడు.

ఒక రోజు నవ్వు ముదిరింది. రావు గారికి ఆ రోజు ఎందుకో చిరాగ్గా ఉంది. పేపర్ మడిచి, "సమ్మె పేరు చెప్పి ఇంట్లో కూర్చుని స్ప్రింగులు బిగించుకోవడం. ఇదేగా మీ ఉద్యమం!" అనేశారు.

కారు కింద స్పానర్ చప్పుడు ఆగిపోయింది. మామ బయటికొచ్చాడు. ఆయన్ను అంత మెల్లగా మాట్లాడుతుండగా నేనెప్పుడూ చూడలేదు.

"జీతం ఇడిచిపెట్టి కూసున్నం సార్. ఆట అనుకుంటున్నరా? దిగుండ్రి."

"దిగుతానోయ్! మళ్లీ ఎక్కమని బతిమాలినా ఎక్కను!"

రావు గారు తలుపు ధడాలున వేసి దిగారు. మొదట్లో ఆయన దిగితే కారు వెనక భాగం హమ్మయ్య అన్నట్టు పైకి లేచేది. ఈసారి లేచిందో లేదో నాకు తెలియనే లేదు. మామ మాత్రం చక్రం దగ్గర వేళ్లు పెట్టి అలాగే ఉండిపోయాడు. తర్వాత తలెత్తి, గేటు వైపు వెళ్తున్న రావు గారి వీపును చూశాడు. లాల్చీ భుజాల మీద నుంచి జారిపోతోంది. రోజూ చూసే మనిషి తగ్గిపోవడం కంటికి ఆనదు కదా.

"జ్యోతీ" అన్నాడు నాతో, "స్ప్రింగ్ మంచిగనే ఉన్నది. సార్ తగ్గిండు. మస్తు తగ్గిండు."

అరుణమ్మత్త నోరు నొక్కుకుంది. "సార్ ఇంటామె సూర్యప్రభమ్మ జెప్తనే ఉన్నది. దవాఖానకు పోదామంటే కంచం నెట్టేసి లేస్తడంట. నాకేం రోగమని లొల్లి జేస్తడంట."

"పెండ్లాం మాట ఇనలేదు, నీ మాట ఇంటడా మామా?" అన్నాను నేను.

"అందులో గీ లొల్లి అయినంక" అన్నాడు మామ, చేతులు తుడుచుకుంటూ. "కారెక్కడు. కారెక్కకుంటే యాడికి తీస్కపోవాలె?"

మర్నాడు పొద్దున గల్లీ అంతా పాల కోసం బయట ఉన్న వేళ, మా మామ రావు గారి గేటు ముందు నిలబడ్డాడు. ముందు చక్రాల కోసం చుట్టాలను వంగోబెట్టిన మనిషి, ఎల్బీ నగర్ నుంచి అల్మాస్‌గూడ దాకా తనంత పనిమంతుడు లేడనుకునే మనిషి, అందరికీ వినపడేలా ఇలా అన్నాడు:

"సార్, నాతోని అయితలేదు. నాకు రాదు సార్ గీ పని. మీరు కూసుంటెనే ఆ చక్రం ఇంటది."

పాలవాడి చేతిలో కొలత గిన్నె ఆగిపోయింది. అండాలమ్మ "ఓయమ్మ" అంది. రావు గారు లోపలి నుంచి మెల్లగా వచ్చి, గొంతు సవరించుకుని, "ఆ మాట ముందే ఒప్పుకోవచ్చుగా?" అన్నారు. మొహంలో మాత్రం దీపావళి.

"రేపు రోడ్డు మీద ట్రయల్ చెయ్యాలె సార్. ఒక్క మాట. ఖాళీ కడుపుతో రావాలె. ఇడ్లీలు తింటే లెక్క తప్పుతది."

"రెండు ఇడ్లీలక్కూడానా?"

"మీ ఇంటి ఇడ్లీలు నేను చూసిన సార్."

సూర్యప్రభ గారు తలుపు చాటు నుంచి మామను చూశారు. ఆ రాత్రి వాళ్లింట్లోంచి ఇడ్లీ పిండి రుబ్బే చప్పుడు రాలేదు.

మర్నాడు కారు కొత్తపేట దాటి, ఎల్బీ నగర్ దాటి, సందులోని ఒక చిన్న ల్యాబ్ ముందు ఆగింది. సమ్మె కాబట్టి బస్సులు లేవు, రోడ్డంతా మాదే.

"ఇదేంటోయ్?"

"లోపట మంచి కాటా ఉన్నది సార్. ఇంట్ల కాటాను నమ్మరాదు." లోపలికి వెళ్లాక మామ బెంచీ మీద కూలబడి చేతులు నలుపుకున్నాడు. "పనిల పని, నాకు రక్తం టెస్టు ఉన్నది. సూదంటే నాకు మస్తు భయం సార్. కండ్లు తిరుగుతయ్. జర తోడుండుండ్రి."

మా మామ ఏటా రక్తదానం చేస్తాడు. సూది గుచ్చుతున్న నర్సుకు ఆమె బరువు చెప్పే మనిషి ఆయన.

"ఇంత మీసం పెట్టుకుని సూదికి భయమా?" రావు గారు లేచి లాల్చీ చేయి పైకి మడిచారు. "బాబూ, ముందు నాకు గుచ్చు. చూడవయ్యా, మగాడనేవాడు ఎలా ఇస్తాడో చూడు!"

మామ ఒక కన్ను మూసుకుని రెండో కంటితో నన్ను చూశాడు. నేను గోడకున్న క్యాలెండర్ వైపు తిరిగాను. లేకపోతే నవ్వేసేదాన్ని.

రిపోర్టు వచ్చాక ల్యాబ్ అబ్బాయి కాగితం చూశాడు, రావు గారిని చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. పక్కగదిలో డాక్టర్ గారు కూడా అదే చేశారు. "ఇంత షుగర్‌తో ఇన్నాళ్లు ఎలా నడిచారండీ?"

"నడవలేదండీ. కారులో కూర్చున్నాను."

డాక్టర్ గారు నవ్వి, మందులు రాసి, తిండి సంగతి చెప్పారు. దాహం, మాటిమాటికీ లేవడం, చిక్కిపోవడం అన్నీ దానివల్లేనట. ఇప్పుడైనా వచ్చారు, మందులు మానకపోతే భయం లేదన్నారు.

తిరిగొచ్చేటప్పుడు కారు చైతన్యపురి చేరింది. అక్కడ రావు గారు, "భిక్షపతీ, మొన్న నేనన్న మాట..." అని ఆగారు.

"ఏ మాట సార్? నేను కారు కిందున్న. ఏం ఇనవడలె."

ఇక మామ మళ్లీ రింగు తిప్పలేదు. వారం వారం అందరం ఎక్కి కూర్చోవడం మాత్రం ఆపలేదు. ఆయన కారు కింద స్పానర్ ఊరికే టంగుటంగుమనిపించి, బయటికొచ్చి వేళ్లు పెట్టి చూసేవాడు. మందులతో సార్ ఒళ్లు తేరుకునేకొద్దీ, పైకి పోయిన ఆ మూల మెల్లమెల్లగా కిందికి రావడం మొదలైంది. గల్లీలో ఎవరైనా "ఇంకా కాలేదా?" అంటే, "నాకు రాదు గదనే" అనేవాడు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. తర్వాత ఆ మాట వినపడ్డప్పుడల్లా, ఈయన మా మామ అని ఎవరికైనా చెప్పాలనిపించేది.

సమ్మె అయిపోయింది. మామ ఆఫీసుకు వెళ్లాడు. మొదటి ఆదివారం అందరం సాగర్ రోడ్డు మీదికి బయల్దేరాం. నేనూ మామా ముందు, వెనక అరుణమ్మత్త, రావు గారు, సూర్యప్రభ గారు. మలుపుల్లో పాలియో గీత గీసినట్టు తిరిగింది. ఎక్కడా ఒరగలేదు. అలాంటి పని, ఇంట్లో, బండల మీద, ఒక్కడి చేతులతో! నాకు కిటికీలోంచి తల బయటపెట్టి అరవాలనిపించింది.

రావు గారు తెనాలిలో తమ్ముడికి ఫోన్ కలిపారు.

"ఆఁ, అదేరా, స్పోర్ట్స్ స్ప్రింగులు! పాపం మా భిక్షపతికి చేతకాలేదు. నెలరోజులు కొట్టుకున్నాడు. చివరికి నేను దగ్గరుండి కూర్చుంటే గానీ సెట్టవలేదు!"

అరుణమ్మత్త నోరు తెరిచింది. మామ అద్దంలోంచి ఆమెను చూసి తల అడ్డంగా ఊపాడు.

"అవు గద భిక్షపతీ?" అన్నారు రావు గారు, ఫోన్ చేత్తో మూసి. ఈ మధ్య ఆయన మాటల్లో మా యాస దొర్లుతోంది.

"అవు సార్. మీరు లేకుంటే అయ్యేదే కాదు."

అంతలో రోడ్డు మీద పెద్ద గుంత. పాలియో ఒక్కసారి వంగి, లేచి, ఏమీ జరగనట్టు వెళ్లిపోయింది. రావు గారు ముందుకు వంగి మామ భుజం మీద గట్టిగా చరిచారు.

"చూశావా? కుదుపు తెలిసిందా? అదీ మన పనితనం!"