చిన్నమ్మ తిన్నదెంత?

నా చిన్నప్పుడు మా మేనత్త మీద పెంచుకున్న కసి ఇప్పటికీ చల్లారలేదు. ఆమె పోయి ఇన్నేళ్లయినా చెబుతున్నాను, చల్లారలేదు.

అప్పుడు మేం మిర్యాలగూడలో ఉండేవాళ్లం. మా చిన్నమ్మ, అంటే బాబాయి భార్య, రైస్ మిల్లులో చిరిగిన గోనెసంచులు కుట్టేది. పొద్దంతా కూర్చునే పని. ఊక దుమ్ముకు ఉబ్బసం పట్టుకుంది. రాత్రుళ్లు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేది. దవాఖానలో ఇచ్చిన గోలీలతో ఊపిరి ఆడింది గానీ, ఏడాది తిరిగేసరికి మనిషి గుర్తుపట్టలేనంత లావయింది.

గరిడేపల్లి నుంచి మేనత్త చుట్టపుచూపుగా వచ్చింది. అందరం వరసగా కూర్చుని తింటుంటే చిన్నమ్మ మారు అన్నం అడిగింది. మేనత్త గిన్నెను వెనక్కి జరిపి, "మిల్లు బియ్యమంతా నువ్వే బుక్కుతున్నవా ఏందే?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చిన్నమ్మ కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచింది. ఆ తర్వాత ఆమె మెతుకు ముట్టలేదు. మూడో రోజు మిల్లులో కళ్లు తిరిగి పడిపోతే రిక్షాలో తీసుకొచ్చారు.

నాయనమ్మ అరవలేదు. చిన్నమ్మకు దగ్గర కూర్చుని గంజి తాగించింది. ఆమె కోలుకున్నాక కన్నకూతురిని పిలిచి, రేపటి నుంచి రెండు రోజులు కోడలు ఏది ఎంత తింటే నీకూ అదే, అంతే వడ్డిస్తానంది. మేనత్త పండగే అనుకుని ఒప్పుకుంది పాపం. పాపం అన్నాను గానీ, నాకేం జాలి లేదు.

పొద్దున గ్లాసెడు గంజి. మధ్యాహ్నం పచ్చిపులుసుతో పిడికెడు అన్నం. రాత్రికీ అంతే. నాయనమ్మ వంటింటి గడపకు అడ్డంగా కూర్చుంది. మర్నాడు మేనత్త దొడ్లో నక్కి బెల్లం నములుతూ నా కంటపడింది. వాడకట్టంతా వినేటట్టు అరిచాను. అంత హాయిగా నేనెప్పుడూ అరవలేదు.

చుట్టూ జనం చేరాక నాయనమ్మ గోలీల పొట్లం తెచ్చి మేనత్త చేతిలో పెట్టింది. "దాని ఒళ్లు పెంచింది గివి. మింగకుంటే దానికి దమ్ము ఆడదు. మింగితే ఆకలి రెండింతలయితది. అయినా నీ మాట పడ్డకాడి నుంచి గా పిడికెడే తింటది. నువ్వు రెండు రోజులు ఆగలేకపోయినవ్."

నేను చప్పట్లు కొట్టబోయాను. నాయనమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు గూడ నవ్వినవ్ గదనే."

మేనత్త ఆ సాయంత్రమే బస్సెక్కింది. తప్పయిందని అనలేదు. చిన్నమ్మేమో దారిలో తినమని ఆమెకు సద్ది కట్టి ఇచ్చింది. అది చూసి నాకు ఒళ్లు మండింది.

ఇప్పుడు సూర్యాపేటలోనో కోదాడలోనో ఏ ఫంక్షన్‌హాల్లోనైనా ఎవరి లావు మీదైనా జోకు పడితే, జోకు వేసినవాళ్ల దగ్గరికి పోయి నిలబడతాను. ఆ మనిషి ఏ మందులు వాడుతోందో, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతోందో తెలుసా అని అందరికీ వినబడేలా అడుగుతాను. చుట్టాలు నన్ను గయ్యాళి అంటారు. అననీ. అలా అడిగిన ప్రతిసారీ నేను నిలదీసేది, ఆ రోజు ఆ వరసలో కూర్చుని నవ్విన పిల్లనే.