ఏథెన్స్‌కు బయల్దేరిన సంచి

ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను అనొద్దు. నేను చెప్పే ఏ సంగతినైనా మా ఇంట్లో సగానికి మడిచి, ఆ సగాన్ని మళ్ళీ సగానికి మడిచి, చేతిలో మిగిలిన ముక్కను మాత్రం నమ్ముతారు. మా ఆవిడైతే ఆ ముక్కను కూడా వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తుంది. (కూరలో ఉప్పు ఎక్కువైందని నేనంటే, తక్కువైందేమోనని ఇంకొంచెం వేసిన మనిషి.) కాబట్టి మీరూ మీ వంతు మడతలు పెట్టుకునే చదవండి. ఆ రోజుల్లో మాకు, అంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం మధ్య బస్సుల్లో ఊగుతూ పెరిగిన మా తరానికి, దూరమంటే ఇప్పటిలా ఫోన్లో వేలితో జరిపేది కాదు. దూరమంటే నిజంగా దూరమే. బెంగళూరు వెళ్ళొచ్చినవాడు కొన్నాళ్ళపాటు బెంగళూరువాడిలా నడిచేవాడు, అతని వెనక పిల్లలు అతనిలా నడిచేవాళ్ళు. అలాంటి రోజుల్లో నేను మా మేనత్తను ఏథెన్స్ తీసుకెళ్తానని మాటిచ్చాను.

అప్పుడు నేను ఇరవైల్లో ఉన్నాను. మదనపల్లె టమోటా మార్కెట్టుకు వెళ్ళే దారిలో ఒక యాత్రల ఆఫీసులో ఉద్యోగం. ఆఫీసంటే ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఫ్యాను. (ఫ్యాను తిరిగేది కాదు. గాలి కావాలంటే మేమే దాని కింద తిరిగేవాళ్ళం.) బయట టమోటా లారీల వరుస ఎంత పొడుగంటే, మొదటి లారీ ఢిల్లీలో సరుకు దించి తిరిగొచ్చేసరికి చివరి లారీ ఇంకా గేటు దగ్గర హారన్ కొడుతూ ఉండేది. మా ఓనరు తిరుపతి, కంచి, రామేశ్వరం బస్సులు నడిపేవాడు. ఒకరోజు ఆయనకు బోర్డు మీద కింద కాస్త జాగా మిగిలినట్టు కనిపించింది. జాగా వృథా ఎందుకని పెయింటర్ని పిలిచి 'విదేశీ యాత్రలు' అని రాయించాడు. విదేశాల గురించి ఆఫీసులో ఎవరికీ ఏమీ తెలియదు కనక, తెలిసినట్టు మాట్లాడగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే కనక, ఆ విభాగానికి నన్ను అధిపతిని చేశాడు. ఆ సాయంత్రం నుంచే నేను ఇంట్లో టీ చల్లారిందని విసుక్కోవడం మొదలుపెట్టాను.

పుంగనూరులో మా మేనత్తకు బొరుగుల బట్టీ ఉండేది, దాని ముందు చిన్న అంగడి. మామ పోయాక ఒక్కతే నడుపుకొచ్చేది. ఊరంతా ఆమెను బొరుగులత్త అనేవాళ్ళు, మేమూ అంతే. బట్టీ ముందు నిలబడటమంటే మాటలు కాదు. కాగే ఇసుకలో బియ్యం పడగానే పెనం నిండా చిటపటలు, కళ్ళ నిండా పొగ, జుట్టు నిండా బూడిద. (మా అత్త ఎదురుగా నిలబడి మాట్లాడితే మన అంగీ దానంతటదే ఇస్త్రీ అయిపోయేది.) ఆ బట్టీకి ఎదురు గోడ మీద ఏదో పైపుల కంపెనీవాళ్ళ క్యాలెండరు వేలాడేది. తేదీల కాగితాలు ఎప్పుడో అయిపోయాయి, బొమ్మ మాత్రం మిగిలింది. నీలం ఆకాశం, ఒక రాతి కొండ, కొండ మీద తెల్లటి స్తంభాలు, పైకప్పు లేని ఒక గుడి. అత్త ఏళ్ళ తరబడి బియ్యం కలుపుతూ ఆ బొమ్మ వైపే చూసేది. కొత్త సంవత్సరం క్యాలెండర్లు వచ్చినవి వచ్చినట్టు పక్కింటివాళ్ళకు ఇచ్చేసేది.

ఒక ఆదివారం ఉచిత బొరుగుల కోసం వెళ్ళాను. అల్లుడు పెద్ద ఆఫీసరయ్యాడని అప్పటికే కబురు చేరినట్టుంది, అత్త క్యాలెండరు బొమ్మ చూపించి ఆ ఊరు ఎక్కడుందని అడిగింది. నేను నిన్ననే అక్కణ్ణుంచి దిగినవాడిలా, అది ఏథెన్స్ అనీ, గ్రీసు దేశపు రాజధాని అనీ, మధ్యధరా సముద్రం ఒడ్డున వేల ఏళ్ళుగా ఉందనీ, కొండ పేరు అక్రోపొలిస్ అనీ చెప్పేశాను. (తరవాత పుస్తకంలో వెతికితే అన్నీ నిజాలే. నాకే నమ్మకం కుదర్లేదు.)

"కప్పు యాల లేదు?" అంది అత్త.

యుద్ధంలో పేలిపోయిందన్నాను. మళ్ళీ ఎందుకు వేసుకోలేదంది. వేసుకోలేదంతే అన్నాను. పక్కన బొరుగులు కొలిపించుకుంటున్న ఒకాయన, గుర్రంకొండ కోటకు కూడా కప్పు లేదనీ, అది చూడటానికి బస్సు చాలనీ సలహా ఇచ్చాడు. అత్త ఆయన వైపు చూడను కూడా లేదు.

"అయితే ఆ స్తంబాల నడాన గాలి శానా బాగా ఆడతాంటాది," అంది. పెనంలో ఇసుక ఒక తిప్పు తిప్పి, "నన్నొకసారి ఆడికి తీసకపోతావా అల్లుడా?" అంది.

వెనక బట్టీ మండుతోంది. అలాంటి చోట నిలబడి గాలి గురించి అడిగిన మనిషికి లేదని ఎవరు చెప్పగలరు? దానికేముందత్తా, వచ్చే ఎండాకాలం లోపలే అన్నాను.

ప్రణాళిక మొదలైంది. నాకు తెలిసిన ప్రణాళిక మా రామేశ్వరం బస్సుదే. తెల్లారి లేపడం, పూటకు మూడు గుళ్ళు, మధ్యలో పులిహోర. అదే పద్ధతిలో ఏథెన్స్‌కూ వేసుకొచ్చాను. పొద్దున కొండ, తరవాత మ్యూజియం, పాత సంత, రాళ్ళ రంగస్థలం, సాయంత్రం సముద్రం. అత్త విని అన్నీ కొట్టేయించింది. ఆమెకు కావాల్సింది పొద్దు పుట్టిన దగ్గర్నుంచి గూకేదాకా ఆ స్తంభాల దగ్గర కూర్చోవడం. ఇంకేమీ చెయ్యకపోవడం. అంత దూరం పోయి ఊరికే కూర్చుంటావా అంటే, ఈడ కూసోనేదానికి యాడైతాది అంది. తన చీటీ పాడుకుంది. పాస్‌పోర్టు తెప్పించుకుంది. (ఫోటోలో ఆమె ఫోటోగ్రాఫర్ని బొరుగుల బాకీ అడుగుతున్నట్టు ఉంటుంది.) ఇక చెన్నైలో వీసాకు తేదీ దొరకడమే మిగిలింది.

ఇంతలో మాకు ముహూర్తాలు పెట్టే అయ్యవారు ఒక పిడుగు వేశాడు. వచ్చే గురువారం దాటితే మూఢం, ఇప్పట్లో పయనాలకు మంచి ఘడియ లేదన్నాడు. మనిషేమో గురువారానికి కదలలేదు. అయితే ప్రస్థానం పెట్టండి అన్నాడు. ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. మంచి ఘడియ ఒకప్పుడు, మనకు వీలు మరొకప్పుడు అయితే, ఆ ఘడియకు మనిషికి బదులు సామాను గడప దాటించి ఇంకొకరి ఇంట్లో పెడతారు. సామాను బయల్దేరిందంటే మనిషి బయల్దేరినట్టే లెక్క. మా అయ్యవారి షరతులు మాత్రం కాస్త గట్టివి. కట్టిన ముడి ఊరు చేరేదాకా విప్పకూడదు. సామాను వెనక్కి తేకూడదు. ఒకే ఇంట్లో ఎక్కువ రోజులు ఉంటే ఫలం పోతుంది, ముందుకు జరిపితే మళ్ళీ మొదటి నుంచి లెక్క.

అత్త ఒక ఖాకీ సంచి తీసుకుని తన ఒకే ఒక్క మంచి పట్టుచీర, రాగిపిండి, వేయించిన సెనిక్కాయలు, చింతకాయ ఊరగాయ సర్దింది. ఏది లేకపోతే పయనం సాగదో ఆ వస్తువు తప్పకుండా అందులో ఉండాలన్నాడు అయ్యవారు. అందరూ నా వైపు చూశారు. విదేశీ విభాగం అధిపతి గొంతు సవరించుకున్నాడు. "పాస్‌పోర్టు," అన్నాను. అత్త దాన్ని పట్టుచీర మడతలో పెట్టి, పసుపు దారంతో సంచి మూతి బిగించి, నా చేతికిచ్చింది. ఆ క్షణంలో ఆ గదిలో ఉన్న అందరిలోకీ తెలివైనవాణ్ణి నేనే అనుకున్నానంటే మీరు నమ్మాలి. ఈ మాటకు మడతలు అక్కర్లేదు.

గురువారం ఆ సంచి పుంగనూరులోనే ఎదురింటికి వెళ్ళింది. చెన్నై నుంచి తేదీ రాలేదు. గడువు దాటకుండా సంచిని పలమనేరులో పెదనాన్న కూతురింటికి చేర్చాను. అప్పటికీ రాలేదు. వి.కోటలో బావ ఇల్లు, తరవాత శాంతిపురంలో ఒక దూరపు చుట్టం. అలా అత్త పెనంలో బియ్యం కలుపుతుండగా అత్త సంచి మాత్రం బస్సు కిటికీ పక్కన కూర్చుని లోకం చూస్తూ పోయింది. పలమనేరులో దానికి కుంకుమ పెట్టారు. వి.కోట బావ టీ అంగట్లో దాన్ని ఎత్తు మీద పెట్టి, చూడటానికి వచ్చినవాళ్ళకు టీ అమ్మాడు. శాంతిపురంలో ఒక పెద్దాయన అది ఏథెన్స్ నుంచి వస్తున్న సంచి అనుకుని, లోపల ఫారిన్ టార్చిలైటు ఉంటే తనకొకటి కావాలన్నాడు. చివరికి కుప్పం చేరింది, అత్త చెల్లెలైన మా చిన్నత్త ఇంటికి. అక్కడితో మా చుట్టాల ఇళ్ళు అయిపోయాయి, గడువు సంగతి అయ్యవారికి ఎవరూ గుర్తుచెయ్యలేదు. ఆ పక్క కర్ణాటక, ఈ పక్క తమిళనాడు. చిన్నత్త దాన్ని ఫ్రిజ్ పక్కన ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, వచ్చినవాళ్ళందరికీ తన సొంత పాస్‌పోర్టులా చూపించేది.

మధ్యలో సోమలలో ఒక పెళ్ళి వచ్చింది. అత్త నేతచీర కట్టుకుని వచ్చింది. పెళ్ళికూతురి తల్లి అందరూ వినేటట్టు, "ఏమ్మా, పట్టుచీర ఏమాయె, అమ్ముకుంటివా?" అంది.

"అది ఏతెన్సుకు బయల్దేరుండాదమ్మా," అంది అత్త ఎంతో నెమ్మదిగా. "నేను ఎనకాల పోతాండాను."

పందిట్లో నవ్వులు పుట్టాయి. కానీ నేను ఆ మొహం చూశాను. ఆ కొన్ని నెలలూ అత్త మొహంలో ప్రయాణంలో ఉన్నవాళ్ళ మొహంలో ఉండే వెలుగుండేది. బట్టీ ముందు నిలబడ్డా, ఆమె అక్కడ ఉన్నట్టు ఉండేది కాదు.

అప్పుడొచ్చింది చెన్నై తేదీ. మనిషి స్వయంగా రావాలి, పాస్‌పోర్టు చేత పట్టుకుని రావాలి. నేను నిలబడి విన్నాను, కూర్చున్నాను, మళ్ళీ నిలబడ్డాను. పుంగనూరు వెళ్ళి నోట మాట రాక, చేతులతో సంచినీ ముడినీ అభినయించాను. అత్త చాలాసేపు నవ్వింది.

"తీస్తే తీద్దాంలేప్పా," అంది. "దేవునికి ఆ మాత్రం తెలీదా."

దేవుడు ఒప్పుకున్నా చిన్నత్త ఒప్పుకోలేదు. తన ఇంట్లో ముడి విప్పితే, అక్క పయనం చెడగొట్టింది కుప్పం వాళ్ళేనన్న పేరు తనకొస్తుందని గడపకు అడ్డంగా కూర్చుంది. కావాలంటే శాంతిపురం తీసుకుపొమ్మంది. శాంతిపురం వాళ్ళు వెనక్కి తేకూడదన్న షరతు గుర్తుచేశారు. వి.కోట బావ ఫోన్ ఎత్తడమే మానేశాడు. రేపటికి తేదీ. ఎవరి ఇల్లూ కాని చోటు కావాలి. అప్పుడు నాకు రైల్వే స్టేషన్ తట్టింది.

మధ్యాహ్నం ఎండలో కుప్పం స్టేషన్లో ఒక బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం, మా మధ్య సంచి. (తన గడప లోపల విప్పలేదని సాక్ష్యం చెప్పడానికి చిన్నత్త కూడా వచ్చింది.) ఏథెన్స్ ఏ పక్కని అత్త అడిగింది. బెంగళూరు వైపు పట్టాలు చూపించాను. మేం ఎక్కాల్సిన చెన్నై రైలు దానికి ఎదురు దిక్కున పోతుంది. అత్త కాసేపు రెండు వైపులా చూసింది. తరవాత పసుపు ముడి మీద వేలు పెట్టి నా వైపు తిరిగింది.

"ఇది ఇప్పితే కచ్చితంగా ఇస్తారా అల్లుడా?"

నా నోరు అలవాటు ప్రకారం తెరుచుకుంది. ఆ వీసా ఆఫీసులో పెద్దాయన మా ఓనరుకు చెడ్డీ దోస్తు అని చెప్పడానికి అంతా సిద్ధంగా ఉంది. కానీ ఆమె పాపిట్లో ఎంత కడిగినా పోని సన్నటి బూడిద గీత కనిపించింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఎప్పుడూ చెయ్యని పని అప్పుడు చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను.

"తెలీదత్తా."

"ఈకుంటే?"

"ముడీ పోతుంది, వీసా పోతుంది."

రైలొచ్చింది. జనం దిగారు, ఎక్కారు. అత్త వేలు ముడి మీదే ఉంది. రైలు కూత వేశాక మెల్లగా తీసేసి సంచిని ఒళ్ళోకి లాక్కుంది.

"అయితే ఉండనీప్పా. ఇప్పకుంటే నేను ఇంగా దావలోనే ఉండాను గదా."

రైలు వెళ్ళిపోయింది. చిన్నత్త కొంగుతో ముక్కు తుడుచుకుని, ఎన్నాళ్ళైనా సంచి తన ఇంట్లోనే ఉంచుకోమంది. మళ్ళీ తేదీ తీసుకుందాం అన్నాన్నేను. తరవాత ఓనరు బోర్డు మీద ఆ జాగాలో 'జిరాక్స్' అని రాయించాడు. నాకు బెంగళూరులో ఉద్యోగం దొరికింది. మళ్ళీ తేదీ ఎవరూ తీసుకోలేదు.

మొన్న పుంగనూరు వెళ్ళాను. బట్టీ పోయి మిషన్ వచ్చింది. అంగట్లో అత్తే కూర్చుని ఉంది, తల ముగ్గుబుట్ట. గోడ మీద క్యాలెండరులో ఆకాశం పసుపు పచ్చగా అయిపోయింది. ఇప్పుడు నాకు జీతం ఉంది, సెలవులు ఉన్నాయి, వీసాల సంగతి నిజంగానే కొంచెం తెలుసు. నవ్వుతూ, పోదామా అత్తా ఏతెన్సుకు అన్నాను. అత్త కూడా నవ్వి, మోకాళ్ళు పోయినాయప్పా, ఆ కొండ ఇంగెవురెక్కేది, ఆడి గాలి ఆడనే ఉండనీ అంది. నా ఒళ్ళో ఇన్ని బొరుగులు పోసింది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇలాంటి కథలు ఇక్కడే ముగించాలి, ముగిస్తే బాగుంటుంది. కానీ మొదట్లోనే ఒప్పుకున్నాను కదా. లారీల వరుస ఢిల్లీదాకా లేదు. ఫ్యాను కాస్త తిరిగేది. వి.కోట బావ మంచివాడు, ఒకసారి ఫోన్ ఎత్తాడు. ఇవన్నీ మీరు ముందే మడిచి పక్కన పెట్టి ఉంటారు. నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే, ఆ మోకాళ్ళ మాట. అత్త అలా అనలేదు. నేను అడగగానే నవ్వనూ లేదు. చేతిలో ఉన్న బొరుగులు కొలిచే పడి కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, లేచి నిలబడి ఒక్కటే అడిగింది.

"ఎప్పుడప్పా?"

మోకాళ్ళ నొప్పులు నావి.