రోములో పోయిన నా జోళ్లు

రోము చరిత్ర నాకు ఎవరూ బడిలో చెప్పలేదు. నాందేడ్‌లో పాత పుస్తకాల బండి మీద దొరికిన మరాఠీ పుస్తకాలతో నేనే నేర్చుకున్నాను. ఒకప్పుడు కత్తివీరులు పోరాడిన అక్కడి గుండ్రటి రంగస్థలాన్ని కళ్లారా చూడాలని నలభై ఏళ్ల కోరిక. నిరుడు మా ఆవిడతో వెళ్లినప్పుడు బస్సులో గైడును నోరెత్తనివ్వలేదు.

ముందుగా ఒక పాత చర్చికి తీసుకుపోయారు. దేవుడి గుమ్మం కనబడితే చెప్పులు విడిచే అలవాటు మాది. అక్కడి జనమేమో బూట్లతోనే లోపలికి పోతున్నారు. ఇన్ని రాజ్యాలేలినవాళ్లకు ఇంత చిన్న మర్యాద తెలియలేదు. మా నాందేడ్ గురుద్వారాలోలాగా జోళ్లు తీసుకుని బిళ్ల ఇచ్చే చోటు కోసం వెతికాను. లేదు. మా ఆవిడ తన రబ్బరు చెప్పులను సంచిలో వేసుకుంది.

"మీయి గుడ ఇండ్ల ఎయ్యున్రి," అంది.

"ఇది మన ఊరు గాదే. ఈడ ఎవడు ముడ్తడు?" అన్నాను.

అరగంటకు బయటికి వస్తే నా కొత్త తోలు జోళ్లు లేవు. ఊడ్చేవాడు చెత్తబండిలో వేసుకుపోయాడని గైడు నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. రెండువేల ఏళ్ల నాటి విరిగిన రాళ్లకు కాపలా పెట్టిన నగరం నా జోళ్లను అరగంట కాపాడలేకపోయింది.

రంగస్థలం ఇంకా చూడనే లేదు. నేల పెనంలా కాలుతోంది. మా ఆవిడ సంచిలోంచి తన గులాబీరంగు చెప్పులు తీసి నా ముందు పడేసింది.

"తొడుక్కోన్రి. నేను బస్సుల కూసుంట. నాకు గా రాళ్లన్నీ ఒక్కతీర్గనే ఉన్నయి."

రంగస్థలంలో గైడు ఒక రాజు పేరు తప్పు చెప్పాడు. దిద్దుదామని నోరు తెరిచాను. వాడు నా పాదాల వైపు చూశాడు. నోరు మూసుకున్నాను.