సైమన్ గారి గేర్లు

సైమన్ గారు గేరు పేరు చెప్పకుండా ఏ పనీ చేసి ఎరుగరు. కుర్చీలోంచి లేస్తే "ఫస్ట్!" నాలుగడుగులు పడితే "సెకండ్!" ఎవరైనా ఎదురైతే "న్యూట్రల్" అంటూ ఆగి, కుశలం అడిగి, మళ్లీ "ఫస్ట్!" అని కదిలేవారు. పోనీ గొణుక్కునేవారా అంటే అదీ కాదు. చర్చిలో మైకు మొరాయించిన ఆదివారాల్లో పాస్టరు గారు కీర్తన ఆయనకే అప్పజెప్పేవారు, అంతటి గొంతు. రాయదుర్గంలో వాళ్ల ఆఫీసున్న అద్దాల భవనంలో లిఫ్టు వేగం అందుకోగానే ఆయన "థర్డ్!" అని అరిస్తే, కొత్తగా చేరినవాళ్లు కంగారుపడి మూడో అంతస్తులో దిగిపోయేవారు.

ప్రవళిక ఆయన టీములో చేరిన మొదటి రోజే ఈ గేర్ల పాలపడింది. చదువు, మార్కులు, కోర్సులు అన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుంటూ పోతుంటే సైమన్ గారు చెయ్యెత్తి ఆపారు.

"అమ్మా, మీరు టాప్ గేరులో మొదలెట్టేశారు. ఇంజను కొట్టుకుంటోంది. ఫస్ట్‌కి దిగి, ముందు మీ ఊరి పేరు చెప్పండి."

"సిద్దిపేట, సార్."

"హా. ఇప్పుడు కదిలింది బండి."

మధ్యాహ్నం క్యారేజీ విప్పినా అదే వరస. పప్పు ఫస్ట్, వేపుడు సెకండ్, పులుసు థర్డ్. పెరుగన్నం మాత్రం న్యూట్రల్. "పెరుగన్నం దగ్గర ఇంజను ఆపేసి, అలా వాలులో దిగిపోవడమేనండి," అనేవారు కళ్లు అరమోడ్చి. ఒకసారి లండన్ క్లయింటుతో మీటింగులో పెద్ద మేనేజరు గారు మూడు నెలల పని ఒక్క నెలలో చేసిస్తామని మాటిచ్చేస్తుంటే, మూలనుంచి ఆ గొంతు లేచింది. "సార్, గుట్ట ఎక్కుతూ టాప్ వేస్తున్నారు. మధ్యలో ఆగిపోద్ది." ఆ మాట పక్కవాళ్లు ఇంగ్లీషులో చెప్పక తప్పలేదు. అవతల క్లయింటు పకపకా నవ్వి, మూడు నెలలూ ఇచ్చేశాడు. ఆ తర్వాత మేనేజరు గారే తలుపు సందులోంచి తల పెట్టి, "సైమన్, దీనికి ఏ గేరంటావ్?" అని అడగడం ప్రవళిక నోరు తెరుచుకుని చూసింది.

ఈ పిచ్చికి పుట్టిల్లు కంపెనీ బస్సు. చందానగర్ నుంచి రాయదుర్గం దాకా దాన్ని ఐలయ్య నడిపేవాడు. అందరూ చెవుల్లో పాటలు పెట్టుకుని కునుకు తీస్తుంటే, సైమన్ గారు మాత్రం డ్రైవరు పక్కనే, గేర్ రాడ్‌కి ఆనుకుని ఉన్న సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని, ఇంజను మోత విని గేరు చెప్పేవారు.

"ఇప్పుడు థర్డ్ వేస్తావయ్యా."

"ఎయ్య సార్. ముంగట ఆటో ఉన్నది."

"వాడు తప్పుకుంటాడులే."

"తప్పుకున్నంక ఏస్త. జర ఓపిక పట్టు."

సైమన్ గారు కళ్లు తెరిచి చూస్తే రోడ్డు మీద ఆటో ఉండేది కాదు, ఏమీ ఉండేది కాదు. ఐలయ్య మీసాల కింద నవ్వుకుంటూ అప్పుడు థర్డ్ వేసేవాడు. రోజూ ఇదే. రోజూ సైమన్ గారు మోసపోయేవారు, రోజూ బస్సంతా నవ్వేది.

ప్రవళిక చేరిన ఏడాదికి ఐలయ్యకు షుగరుతో చూపు పోయింది. ముందు ఒక కన్ను, తర్వాత రెండోది. కొత్త డ్రైవరు వచ్చాడు. "పాపం ఐలయ్య" అని కొన్నాళ్లు అనుకున్నారు. ఆ తర్వాత మెట్రో వచ్చె, క్యాబులు వచ్చె, ఎవరి దారి వారిదైంది. సైమన్ గారి గేర్లు మరీ శ్రుతిమించిందీ అప్పుడే. కంప్యూటరు ఆన్ చేసినా, చేతులు కడుక్కున్నా గేరే.

అలాంటి మనిషి స్పోర్ట్స్ కారు కొంటానన్న రోజు ఆఫీసులో పని స్తంభించింది. యాభై దాటిన మనిషి, ఎడమ మోకాలు అరిగిన మనిషి. సాయంత్రానికల్లా ఆయన భార్య లీదియా గారు ప్రవళికకు ఫోను చేశారు. ఆవిడ ఆసుపత్రిలో హెడ్ నర్సు.

"అమ్మాయ్, ఆయన్ని కారు కొననీ. ఎర్రదే కొననీ. కానీ క్లచ్ ఉన్నది కొన్నారో, ఆ మోకాలు పూర్తిగా పోతుందని డాక్టరు గారు తేల్చి చెప్పేశారు. నా మాట గాల్లో కలిసిపోతోంది. నువ్వు వెంట వెళ్లి ఆటోమేటిక్ కొనిపించమ్మా."

"ఫికర్ చెయ్యకండి మేడం. నేను చూసుకుంట."

కొండాపూర్‌లో ఒకసారి వాడిన ఖరీదైన కార్లు అమ్మే దుకాణంలో ఒకే మోడలువి రెండు, ఎర్రగా, పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. రెండు తలుపులు, వెనక పేరుకి మాత్రమే సీటు. ఒకటి ఆటోమేటిక్, ఒకటి మాన్యువల్. అమ్మే శ్రీనివాసరావు గారు బొద్దుగా, పొట్టి చేతులతో, ఆటోమేటిక్‌ని పెళ్లికొడుకులా చూపించారు.

"మీరు రెప్ప వేసేలోపు గేరు మార్చేస్తుంది సార్. మనిషి చెయ్యి దీనికి సాటి రాదు."

సైమన్ గారు నడిపి చూశారు. "సెకండ్!" అన్నారు. కారు అప్పటికే థర్డ్‌లో ఉంది. "థర్డ్!" అన్నారు. అది ఫిఫ్త్‌లో పరుగెడుతోంది. ఒక చుట్టు తిరిగొచ్చి, దిగి, దాని బానెట్‌ను ప్రేమగా నిమిరారు.

"బంగారంలాంటి బండండీ. కానీ నేను చెప్పేలోపే చేసేస్తోంది, అచ్చం మా లీదియాలాగే."

"అది మంచిదే కద సార్?" అంది ప్రవళిక ఆశగా.

"మంచిదేనమ్మా. కానీ ఇందులో పక్కన కూర్చున్నవాడికి పనేముంది?"

"పక్కన కూసున్నోళ్లకు పనెందుకు సార్?"

ఆయన మాన్యువల్ కారు దగ్గరికి నడిచారు. ఎడమ తలుపు తెరుచుకుని, డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నారు. కళ్లు మూసుకుని, కుడిచేత్తో గేర్ రాడ్ పట్టుకుని అటూ ఇటూ ఆడించారు. తర్వాత ప్రవళికను కూర్చోబెట్టారు.

"కళ్లు మూసుకుని థర్డ్ వెయ్యమ్మా. భుజం లాగుతోందా?"

"లాగుతలేదు సార్. ఇదేం టెస్టింగ్?"

"శ్రీనివాసరావు గారూ, మీరూ ఒకసారి రండి."

"నేను అమ్మేవాణ్ణి కదండీ!"

"అమ్మేవాడికీ చేతులుంటాయిగా."

ఆ పొట్టి చేతులకు కూడా రివర్స్ అందింది. సైమన్ గారి ముఖం వెలిగిపోయింది. "ఇదే తీసుకుంటాను. ఎడమ సీటు భేషుగ్గా ఉంది," అన్నారు. కుడి సీట్లో కూర్చోనైనా కూర్చోకుండా కారు కొన్న మనిషిని శ్రీనివాసరావు గారు అదే మొదలు చూడటం. ప్రవళిక బయటికొచ్చి ఫోను తీసింది. "మేడం, ఓడిపోయిన."

మోకాలు డాక్టరు గారి మాట అక్షరాలా పాటించింది. ఆఫీసుల వేళకు బయోడైవర్సిటీ కూడలిలో క్లచ్ తొక్కీ తొక్కీ, సైమన్ గారు కుంటుకుంటూ వచ్చేవారు. "ఎడమకాలు ఫస్ట్‌లోనే ఉండిపోయిందండి," అని ఆయనే నవ్వేవారు. లీదియా గారికి మాత్రం నవ్వు రాలేదు. ఆదివారం తెల్లవారుతూనే ఆయన కారేసుకుని ఎక్కడికో పోతున్నారనీ, ఆరాధన వేళకు వాచిన మోకాలితో చర్చికొస్తున్నారనీ ఆవిడ కనిపెట్టారు. శ్రీనివాసరావు గారి దగ్గర ఆటోమేటిక్ ఇంకా అలాగే ఉంది. మార్చుకోవడానికి ఆయన సిద్ధం. సైమన్ గారు ఊ అంటే చాలు. ఊ అనిపించే పని మళ్లీ ప్రవళిక మీదే పడింది.

ఆ ఆదివారం ఆమె కారుకి అడ్డం నిలబడింది. "నేను గూడ వస్త సార్."

"ముందు సీటు ఖాళీ లేదమ్మా. వెనక పడతావేమో చూడు."

ప్రవళిక మోకాళ్లు గడ్డానికి తగిలేలా మడతపడి కూర్చుంది. కారు బోరబండలో ఒక సందు ముందు ఆగింది. ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని, భార్య లక్ష్మమ్మ భుజం పట్టుకుని ఐలయ్య నిలబడి ఉన్నాడు. ఎడమ సీట్లో కూర్చుని, తడిమి, గేర్ రాడ్ మీద కుడిచెయ్యి వేశాడు.

"పోదామా సార్?"

"ఫస్ట్!" అన్నారు సైమన్ గారు క్లచ్ తొక్కి. ఐలయ్య ఫస్ట్ వేశాడు. కారు కదిలింది.

ఔటర్ రింగు రోడ్డు ఎక్కేసరికి కోకాపేట మేడల వెనకనుంచి సూర్యుడు పైకొస్తున్నాడు. "సెకండ్!" పడింది. ఇంజను గొంతు పెంచింది. సైమన్ గారు మాట్లాడలేదు.

"ఏందాగినవ్ సార్? బండి థర్డ్ అడుగుతున్నది."

"ముందు లారీ ఉందయ్యా."

"లారీ లేదు, ఏం లేదు. ఉంటే నాకినబడదా?"

ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు. థర్డ్ పడింది, ఫోర్త్ పడింది. కాలు ఒకరిది, చెయ్యి ఇంకొకరిది. ఆ కాలు కిందికి పోవడానికీ ఈ చెయ్యి కదలడానికీ మధ్య వెంట్రుక దూరేంత సందు లేదు. గేరు మారినట్టు ప్రవళికకు ఎక్కడా కుదుపు తెలియలేదు. మోత మాత్రం ఒక రాగంలోంచి ఇంకో రాగంలోకి జారుతోంది. చూపులేని కళ్లను ఐలయ్య రోడ్డుకేసి నిలిపి ఉంచాడు, ముఖం మీద ఎండ పడుతోంది. తను ఏ పని మీద వచ్చిందో ప్రవళిక మరిచిపోయింది. కాళ్లు తిమ్మిరెక్కిన సంగతీ మరిచిపోయింది.

చాయ్ కోసం ఆగినప్పుడు సైమన్ గారు దిగి వెళ్లారు. ఐలయ్య వెనక్కి వంగాడు.

"అమ్మా, నువ్వు బస్సుల కిటికీ కాడ కూసునేటి సిద్దిపేట పిల్లవు గద? గొంతు గుర్తుపట్టిన. ఒక ముచ్చట చెప్త, ఎవలకు చెప్పకు. సార్‌కు ఎడమ భుజం పనిచేస్తలేదు. గేరెయ్యనీకె వస్తలేదు. మా గల్లిదాంక ఫస్ట్‌లనే ఈడ్సుకొస్తడట. మేడంకు గూడ తెల్వదట. నేను ఒక్క వారం రాకుంటే బండి ముంగటికి పోదు. గందుకే జరమొచ్చినా వస్తున్న."

"సారే చెప్పిండా?"

"సారే. పాపం, సిగ్గుపడుకుంట చెప్పిండు. గేరు పేరు ఒర్రుడు మాత్రం బందు చెయ్యడు. మొదటికెల్లి గదే పిచ్చి. ఆఫీసుల గూడ గట్లనేనట గద? నాకు చెప్పాల్నా? నేను మోత ఇంటే తెల్వదా?"

వారమంతా ఒంటరిగా, అదే భుజంతో, ట్రాఫిక్‌లో గేర్లు మారుస్తున్న మనిషిని ప్రవళిక కిటికీలోంచి చూసింది. ఆయన మూడు గ్లాసులు రెండు చేతుల్లో పట్టుకుని, "ఫస్ట్! ఫస్ట్!" అంటూ ఒలక్కుండా వస్తున్నారు. ఊరందరి ముందూ గేర్లు అరిచే పిచ్చిమనిషి ఆదివారం కూడా అరిస్తే, అది కళ్లు లేనివాడి కోసమని ఎవరికి అనుమానం వస్తుంది?

ఐలయ్యను దింపాక ప్రవళిక ముందు సీట్లోకి మారింది. "గందుకేనా సార్ ఆటోమేటిక్ వద్దన్నరు?"

"అందులో ఎడమ సీట్లో కూర్చున్నవాడు సామానమ్మా. అన్నేళ్లు మనల్ని మోసినవాణ్ణి సామాను చేసి తిప్పమంటావా?"

"మరి మీ భుజం ఎట్లున్నది?"

సైమన్ గారు ఆ చేత్తోనే టక్కున గేరు మార్చారు. "ఆదివారాలే నొప్పి."

ఆ సాయంత్రం ప్రవళిక అంతా చెబితే, లీదియా గారు నేరుగా ఆసుపత్రికి ఫోను కలిపారు. కారు మార్చమని పోరినావిడ, దగ్గరుండి మోకాలు మార్పించారు. లేచి నడిచిన మొదటి అడుగుకే సైమన్ గారు వార్డు దద్దరిల్లేలా "ఫస్ట్!" అన్నారు.

కిందటేడు ఒక ఆదివారం పొద్దున సైమన్ గారు నిద్ర లేవలేదు. పెరుగన్నం తిని పడుకున్న మనిషి, న్యూట్రల్‌లో, వాలులో దిగిపోయినట్టు వెళ్లిపోయారు. లిఫ్టు ఇప్పుడు చడీచప్పుడూ లేకుండా పైకి పోతుంది.

నెల తర్వాత ప్రవళికకు ఐలయ్య ఫోను చేశాడు. "అమ్మా, బండిని గట్లనే నిలబెడితే ఖరాబైతది. ఎవలన్న స్టీరింగు పడితే, గేరు నేను చూసుకుంట."

పుట్టి బుద్ధెరిగాక ప్రవళిక క్లచ్ తొక్కింది లేదు, ఆమెది ఆటోమేటిక్. అయినా చందానగర్‌లో ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరి నేర్చుకుంది. ఒక ఆదివారం ఎర్రకారు బోరబండ సందులోకి వెళ్లింది. వెనక సీట్లో లీదియా గారు ఇడ్లీల డబ్బాతో సహా మడతపడి ఉన్నారు. ఐలయ్య ఎక్కాడు. ప్రవళిక క్లచ్ తొక్కింది.

"ఫస్ట్," అంది మెల్లగా.

"ఇనబడలే."

"ఫస్ట్!"

"సార్ లెక్క అనాలమ్మా. గల్లీ లేవాలె."

ప్రవళిక గుండెల నిండా ఊపిరి పీల్చి అరిచింది. పై అంతస్తులో కిటికీ తెరుచుకుంది. కారు రెండుసార్లు ఎగిరి, ఎలాగో కదిలింది.

"సెకండ్ వేయించమ్మాయ్!" లీదియా గారు వెనకనుంచి మొత్తుకున్నారు. "ఇక్కడ నా మోకాళ్లు పోతున్నాయి!"

"సెకండ్!" అంది ప్రవళిక.

"ఎయ్య," అన్నాడు ఐలయ్య, రాడ్ మీద చెయ్యి ఆనించి. "ముంగట ఆటో ఉన్నది."

సందు చివరిదాకా ఆటో అన్నదే లేదు. ప్రవళిక క్లచ్ తొక్కిపట్టి, అది తప్పుకునేదాకా ఆగింది.