మెల్లగా వేసిన తలుపు

నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో అతన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. చాటున "అనుమానం", ఎదురుగా "అనుమానంగారు". ఒక సీసా నీళ్ళని రెండుసార్లు పరీక్షిస్తే చాలని అక్కడి రూలు. అతను మూడోసారి కూడా చూస్తాడు. మూడూ ఒకేలా వస్తే, ఇంత చక్కగా ఎలా వచ్చాయా అని నాలుగోసారి చూస్తాడు.

అలాంటి మనిషి చేతికి, మామగారు ఇరవయ్యేళ్ళు నడిపి విసిగిపోయిన కారు వచ్చింది. ఎడమకి తిప్పితే దాని హారన్ దానంతటదే మోగుతుంది. ఆ మలుపులో నిలబడ్డ ముక్కూమొహం తెలియనివాళ్ళు తమని పలకరించాడనుకుని చెయ్యి ఊపుతారు. మర్యాద కోసం అతనూ ఊపుతాడు. పెట్రోలు ముల్లు ట్యాంకు నిండినా ఎండినా సగం దగ్గరే ఉంటుంది. వెనక అద్దం జారిపోకుండా ఒక చెక్కముక్క కాపలా కాస్తుంది.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. నవ్వు రానిది ఒక్కటే. పాప పుట్టినప్పటినుంచీ బండి స్టార్టు కావడానికి మొరాయిస్తోంది. మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్తే మాత్రం ఎంతో బుద్ధిమంతురాలు. మెకానిక్ ఎక్కి, తలుపు లాగి, తాళం తిప్పగానే లేచి కూర్చుంటుంది.

"బండికేం లేదు సార్. మీరే కాస్త నిద్రపోండి," అన్నాడు మెకానిక్.

దాంతో అతను తనకి తెలిసిన పద్ధతిలోకి దిగాడు. ఒక నోటు పుస్తకం పెట్టి, బండి కదిలిన రోజు ఏమేం చేశాడో రాసుకున్నాడు. అలా ఏడు పనులు తేలాయి. బానెట్ ఎత్తి దించాలి. స్టీరింగు సగం తిప్పాలి. లైట్లు వేసి ఆర్పాలి. క్లచ్ మూడుసార్లు తొక్కాలి. అద్దం దించాలి. ఎన్నడూ పాడని రేడియోని కట్టెయ్యాలి. చివరికి డాష్‌బోర్డు మీద అరచేత్తో ఒకటివ్వాలి. పాపకి పదకొండు నెలలు నిండేసరికి పుస్తకంలో రెండువందల పన్నెండు వరసలయ్యాయి. అవసరానికి ఉండాలని కారు ఇంట్లోనే వదిలి, తను మాత్రం రోజూ బస్సులో వెళ్ళేవాడు.

ఆ అవసరం ఒక వానరోజు పన్నెండుంబావుకి వచ్చింది.

"ఏమండీ, పాపకి నూటమూడు ఉంది," ఫోనులో భార్య గొంతు గబగబా వచ్చింది. "ఒంటిగంటకి డాక్టరు లేచి వెళ్ళిపోతారట. రెండు టాక్సీలకి ఫోన్ చేశా, వానలో రామన్నారు. నేనే కారు తీస్తున్నా."

కారు నడపడం ఆమెకి అతనికంటే బాగా వచ్చు. ఆ కారులోనే నేర్చుకుంది. కానీ ఈ పదకొండు నెలలుగా ఆమె చోటు వెనక సీట్లో, పాప పక్కన.

"ఆగు ఆగు. ముందు బానెట్ ఎత్తి..."

"చంకలో పిల్ల, నెత్తిన వాన. బానెట్ ఎవరెత్తుతారు? అసలు ఈ ఏడింట్లో ఏది కావాలి, ఏది అక్కర్లేదు?"

ఒక్కో పనీ మానేసి చూస్తే ఎప్పుడో తేలిపోయేది. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి అతను నేర్పే మొదటి పాఠం అదే. కానీ పాపని టీకాకి తీసుకెళ్ళే రోజున ఏ పని మానేసి చూస్తాడు? పాప దగ్గుతున్న రోజున?

"ఏడూ చెయ్యి. ఎందుకైనా మంచిది," అన్నాడు.

"మీరు చెప్పడం అయ్యేలోపు డాక్టరు భోంచేసి పడుకుంటారు!"

ఫోన్ కట్టయింది. తిరిగి చేస్తే ఎత్తలేదు. నడుపుతోంది కాబట్టి ఎత్తలేదా, కారు కదలక వానలో నిలబడి ఎత్తలేదా? అతను సీసాలు అలాగే వదిలేసి, కోటు విప్పడం కూడా మరిచి బస్సెక్కాడు. బస్సు ప్రతి స్టాపులోనూ తీరిగ్గా ఆగింది. అతను మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఒంటిగంట దాటింది.

క్లినిక్ ముందు కారు కనిపించాక గానీ అతనికి ఊపిరి ఆడలేదు. లోపల భార్య భుజమ్మీద పాప నిద్రపోతోంది. నుదురు ముట్టుకున్నాడు. చెమట పట్టింది.

"మామూలు జ్వరమేనట. మందు వేశారు, దిగుతోంది. ఫోన్ కారులోనే ఉండిపోయింది," అంది ఆమె.

"ఎలా స్టార్టయింది?"

"తలుపు వేశాను. తాళం తిప్పాను."

"అంతేనా?"

"మీ మీద కోపంతో వేశాలెండి. ఆ చప్పుడికి పక్కింటి మామ్మగారు వరండాలోకొచ్చి చూశారు."

అతను వానలోకి నడిచి బానెట్ ఎత్తాడు. బ్యాటరీ వైరు పట్టు సడలి ఉంది. వేలితో తాకితే ఊగుతోంది. గట్టిగా ఒక అదురు తగిలితే అంటుకుంటుంది, లేకపోతే లేదు. ఇన్నాళ్ళూ ఏడు పనుల్లో పని చేసింది బానెట్ దబ్బున దించడం ఒక్కటే. నోటు పుస్తకంలో మొదటి వరస తారీఖు గుర్తొచ్చింది. ఆసుపత్రి నుంచి పాపని ఇంటికి తెచ్చిన మర్నాడు. పాప ఉలిక్కిపడుతుందని ఆ రోజునుంచే కారు తలుపుని రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మెల్లగా నొక్కుతున్నాడు. భార్యనీ అలాగే వెయ్యమన్నాడు.

వైరుని చేత్తో బిగించబోయాడు. బిగియలేదు. స్పానరు లేదు. క్లినిక్ ముందు కదా అని బానెట్ చప్పుడు కాకుండా దించి, లోపల కూర్చుని తాళం తిప్పితే, బండి ఒకసారి మూలిగి ఊరుకుంది.

భార్య పాపని వెనక సీట్లో పడుకోబెట్టి, బెల్టు పెట్టి, తను పక్కన కూర్చుంది.

"తలుపు నేను వేసినట్టు వెయ్యండి," అంది.

"ఇప్పుడే కదా పడుకుంది."

"వెయ్యండంటే!"

అతను కళ్ళు మూసుకుని దబ్బున వేశాడు. కారంతా అదిరింది. ఎన్నడూ పాడని రేడియో గరగరమంది. తాళం తిప్పగానే ఇంజను లేచింది.

పాప మాత్రం కదల్లేదు.

అతను వెనక్కి తిరిగి చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"ఇంత చప్పుడుకి లేవలేదేంటి?"

"నిద్రపోతోందండీ."

"ఇంత చప్పుడుకా?"

ఇంజను ఆపేశాడు. దిగి, వెనక తలుపు తీసి, వంగి, పాప ముక్కు కింద వేలు పెట్టాడు. వెచ్చగా తగిలింది. ఎందుకైనా మంచిదని ఇంకోసారి పెట్టాడు. పాప మొహం చిట్లించి, వేలు పట్టుకుని, కళ్ళు తెరిచి, క్లినిక్ లోపలివాళ్ళు కూడా తొంగిచూసేలా ఏడుపు అందుకుంది.

"తృప్తేనా?" అంది భార్య.

అతను తలూపి, ఆ వెనక తలుపుని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా నొక్కాడు. ముందుకి వచ్చి, తన తలుపుని మాత్రం దబ్బున వేశాడు.